పాత వెండి రూపాయి - అందులోని అసలు విలువ

భోషాణపు అడుగున, దేవుని మందసంలో, పసుపు గుడ్డ మూటలో నాలుగు పాత వెండి రూపాయలు దాచుకొనని కుటుంబం ఒకప్పుడు తెలుగునాట అరుదు. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందుకు వచ్చేవి అవే. పెండ్లిలో చేతికి ఇచ్చే కట్నాలూ అవే. నేడు ఆ రూపాయితో అంగడిలో ఏమీ కొనలేము. అయినను వెండి ధర పెరిగినప్పుడల్లా ఆ మూటలు విప్పబడుతూ ఉంటవి. ఇంట ఉన్నవాటిని అమ్ముదామా అని కొందరు, బయట దొరికేవాటిని కొని దాచుదామా అని మరికొందరు ఆలోచిస్తారు. ఈ ఇరువురికీ ముందుగా తెలియవలసిన విషయం ఒక్కటే: ఆ రూపాయిలో మేలిమి వెండి ఎంత ఉన్నది? ఇది తెలియక తాతముత్తాతల సొత్తును సగం వెలకు ఇచ్చివేసినవారు ఉన్నారు. సగం వెండి నాణేలను పూర్తి వెండి వెలకు కొన్నవారూ ఉన్నారు. కనుక ఈ విషయాన్ని కొంచెం లెక్కలతోనే వివరింప బూనుకొన్నాము.

ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో 1835లో వచ్చిన నాణేల చట్టం రూపాయికి ఒక స్థిరమైన కొలతను ఏర్పరచినది. రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అనగా సరిగా ఒక తులము. నేటి లెక్కలో 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. రాగి ఎందుకంటే, మేలిమి వెండి మెత్తన. చేతులు మారిన కొలది త్వరగా అరిగిపోతుంది. రాగి చేరితే గట్టిపడుతుంది. ఈ లెక్కన ఒక్కొక్క రూపాయిలో 165 గ్రెయిన్లు, అంటే 10.69 గ్రాముల మేలిమి వెండి ఉండెను. రూపాయి ఇంత ఖచ్చితమైన తూకం గలది గనుకనే మన పెద్దలు దానిని తూకపురాయిగా కూడ వాడుకొన్నారు. మందు దినుసులు "రూపాయెత్తు" అని కొలవడం ఆ అలవాటు నుండి వచ్చినదే.

అర్ధరూపాయి, పావలా, బేడ అనే చిన్న వెండి నాణేలు కూడ ఇదే వన్నెతో, బరువులో సగము, పాతిక, అరపాతిక వంతుల చొప్పున తయారైనవి. కనుక రెండు అర్ధరూపాయలలోనో, నాలుగు పావలాలలోనో, ఎనిమిది బేడలలోనో ఒక రూపాయికి సరిపడు వెండి ఉన్నదని లెక్కింపవచ్చును. అయితే చిన్న నాణెం ఎక్కువ చేతులు మారుతుంది. బరువుతో పోల్చితే దానికి అరిగే పైభాగం కూడ ఎక్కువ. అందుచేత పాత పావలా, బేడలలో అరుగుదల రూపాయిలో కంటె హెచ్చుగా కనబడుతుంది.

ఒకప్పుడు రూపాయి విలువ, అందులోని వెండి విలువ దాదాపు ఒకటే. ఎవరైనా వెండి కడ్డీలు తీసుకొనిపోయి టంకశాలలో ఇచ్చి, కొద్దిపాటి కూలి చెల్లించి రూపాయలుగా మార్చుకొనే వీలుండెను. వెండి ధర ప్రపంచమంతటా పడిపోవుటచే 1893లో ప్రభుత్వం ఆ వీలును తొలగించినది. అది మొదలు రూపాయి మీది విలువ ఒక దారి, లోపలి వెండి విలువ మరొక దారి అయినవి. చాలకాలం వెండి విలువే తక్కువగా ఉండెను. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ స్థితి తలక్రిందులయినది. ఔన్సు వెండి లండనులో 43 పెన్నీలు దాటితే రూపాయిని కరిగించడమే లాభమన్న లెక్క ఉండగా, 1920 ఫిబ్రవరిలో ఆ ధర 89 పెన్నీలు దాటినది. రూపాయలు కరిగించరాదని ప్రభుత్వం 1917లోనే నిషేధించవలసి వచ్చినది. ఆ ఏడే ఒక రూపాయి కాగితపు నోటు కూడ వెలువడినది.

ఆ కొరతను తీర్చిన వెండి ఎక్కడి నుండి వచ్చినదో తెలిసికొంటే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికా ప్రభుత్వం 1918లో పిట్‌మన్ చట్టం అనే శాసనం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను ఇరువది ఏడు కోట్ల వరకు కరిగించినది. అందులో అధిక భాగం మన దేశపు టంకశాలలకు చేరి రూపాయలయినది. 1918, 1919, 1920 సంవత్సరాల ముద్రతో అయిదవ జార్జి బొమ్మ గల రూపాయలు నేటికీ విరివిగా దొరకడానికి అప్పటి భారీ ముద్రణమే కారణం. మన ఇంటి మూటలోని రూపాయిలో ఒకనాటి అమెరికా డాలరు వెండి కలిసి ఉన్నా ఉండవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చినది. 1940లో ప్రజలు నోట్లను ఇచ్చి వెండి రూపాయలు తెచ్చి దాచుకొనసాగిరి. ప్రభుత్వం ఒక రూపాయి నోటును మళ్ళీ ప్రవేశపెట్టి, నాణెంలోని వెండిని సగానికి తగ్గించినది. కొత్త రూపాయి బరువు అదే 11.66 గ్రాములు, కాని అందులో నూటికి 50 పాళ్ళే వెండి, 40 రాగి, 5 నికెలు, 5 తుత్తునాగము. అంటే మేలిమి వెండి 5.83 గ్రాములు మాత్రమే. పాత రూపాయలు 1941 మొదలు 1943 లోపల, రాణి బొమ్మవి ముందు, రాజుల బొమ్మలవి వెనుక, క్రమంగా చెలామణీ నుండి తీసివేయబడినవి. రెండు రకాల రూపాయలు ఒకే విలువతో ఎదురైనప్పుడు మనిషి మంచిదాన్ని దాచి తక్కువదాన్ని ఖర్చు పెడతాడు. మన ఇళ్ళలో పాత రూపాయలు మిగిలి ఉండడానికి కారణం ఈ సహజమైన బుద్ధియే.

యుద్ధకాలంలో భారతదేశం అమెరికా నుండి సుమారు 22 కోట్ల 60 లక్షల ఔన్సుల వెండిని, తిరిగి వెండిగానే ఇచ్చే షరతుపై, అప్పు తీసుకొన్నది. యుద్ధానంతరం ఆ అప్పు తీర్చడానికి ఈ సగం వెండి రూపాయలనే వెనుకకు తీసుకొని, కలకత్తాలో శుద్ధి చేసి వెండిని వేరు పరచినారు. వాటి స్థానంలో నికెలు నాణేలు వచ్చినవి. ఒకవైపు పులి బొమ్మ గల 1947 రూపాయిలో వెండి లేశమైనను లేదు. 1946, 1947 నాటి అర్ధరూపాయలు, పావలాలు కూడ అట్టివే.

ఇప్పుడు మూటను విప్పి వేరు చేద్దాము. రాణీ విక్టోరియా, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి బొమ్మలు గల రూపాయలన్నీ పూర్తి వన్నె వెండివి. ఆరవ జార్జి బొమ్మ గలవాటిలో 1938, 1939 రూపాయలు పూర్తి వన్నెవి. 1940 మొదలు 1945 వరకు గలవి సగం వెండివి. 1947 నాటిది నికెలు. మొత్తం చిక్కంతా ఈ ఆరవ జార్జి రూపాయల దగ్గరనే ఉన్నది. పాతదానికీ కొత్తదానికీ బరువు ఒకటే, ఇంచుమించు రూపమూ ఒకటే. వెండిలో మాత్రం దాదాపు రెట్టింపు తేడా. కనుక సంవత్సరం చదవనిదే ఏ రూపాయినీ ఒక కుప్పలో వేయరాదు. ఇంకొక హెచ్చరిక: వెండి కొరతనాడు, 1919 మొదలు 1921 వరకు, కొన్ని ఎనిమిది అణాల, నాలుగు అణాల నాణేలు రాగి నికెలు మిశ్రమంతో వచ్చినవి. 1918 నుండి వచ్చిన చదరపు బేడ కూడ అదే లోహం. వీటిని వెండిలో కలుపరాదు.

తెలంగాణ ప్రాంతపు ఇళ్ళలో హైదరాబాదు హాలీ సిక్కా రూపాయలు కనబడుతవి. చార్మినారు బొమ్మ గల ఈ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్ళు. అంటే మేలిమి సుమారు 9.14 గ్రాములు. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇంగ్లీషు రూపాయలు అన్న మారకపు లెక్క పెద్దలకు తెలిసినదే. రెండు రూపాయలలోని వెండిని పోల్చి చూడండి: ఏడు హాలీ రూపాయలలో 64 గ్రాములు, ఆరు ఇంగ్లీషు రూపాయలలోనూ 64 గ్రాములు! యుద్ధకాలంలో ఈ రూపాయి కూడ సగం వెండికి దిగినది. దీనిపై హిజరీ సంవత్సరం ఉంటుంది గనుక, 1361 మొదలైన అంకెలు గలవాటిని సగం వెండి కుప్పలో వేయవలెను.

లెక్క కట్టే పద్ధతి చాల సులభం. వేరు చేసిన ఒక్కొక్క కుప్పను విడివిడిగా తూచి, ఆ బరువును వన్నెతో గుణించవలెను. పూర్తి వన్నెకు 0.917, హాలీ రూపాయికి 0.818, సగం వెండికి 0.5. వచ్చిన గ్రాములను ఆనాటి మేలిమి వెండి ధరతో గుణిస్తే లోహపు విలువ తేలుతుంది. నాణేలను లెక్కపెట్టక తూచడంలో ఒక లాభం ఉన్నది: అరుగుదల తనంతట తానే లెక్కలోకి వస్తుంది. పూర్వపు చట్టం రూపాయి నూటికి రెండు పాళ్ళ వరకు అరిగినను చెల్లుతుందని ఒప్పుకొన్నది. అమెరికాలో 1964 వరకు వచ్చిన నూటికి 90 పాళ్ళ వెండి చిల్లర నాణేలను నేడు లోహం కొరకు కొనే వర్తకులు కూడ నూటికి ఒక పాలు చొప్పున అరుగుదల తీసివేసి లెక్క కడతారు.

ఒక ఉదాహరణ చూద్దాము. ఒకరి ఇంట 50 రూపాయలు ఉన్నవనుకొందాము. అందులో 30 పూర్తి వన్నెవి, 20 సగం వెండివి. అరుగుదల లేదనుకొంటే మొత్తం బరువు 583 గ్రాములు. మేలిమి వెండి మొదటి కుప్పలో 320.7 గ్రాములు, రెండవదానిలో 116.6, వెరసి 437 గ్రాముల పైచిలుకు. కొనేవాడు "ఇవన్నీ సగం వెండివే" అని తీసుకొంటే ఇచ్చేది 291 గ్రాముల వెల మాత్రమే. 145 గ్రాముల వెండి మాట మాత్రంగా పోతుంది! అమ్మేవాడు "ఇవన్నీ రాణీ కాలపువే" అని ఒప్పిస్తే కొన్నవాడు 97 గ్రాములు నష్టపోతాడు. ఇంత సొమ్మును నిలబెట్టేది నాణెం మీది నాలుగంకెల సంవత్సరమే.

సంవత్సరం చదవడం ఎంత అవసరమో, నాణెం అసలుదో నకిలీదో చూడడం అంత అవసరం. మొదట అయస్కాంతం. వెండిని అయస్కాంతం ఆకర్షింపదు. అంటుకొన్నదంటే అది ఇనుమో నికెలో. కాని అంటుకొననంత మాత్రాన వెండి అని చెప్పరాదు. ఇత్తడి, రాగి, జర్మన్ సిల్వరు కూడ అంటుకొనవు. రెండవది తూకం. పూర్తి రూపాయి 11.66 గ్రాములకు మించి తూగరాదు, అరిగినది 11.4 వరకు తగ్గవచ్చును. హారంలో కూర్చడానికి కొక్కెం అతికించిన రూపాయలు ఎక్కువ తూగుతవి. ఆ అతుకు లోహం తక్కువ వన్నెది గనుక దానిని తీసివేసి లెక్కించవలెను.

మూడవది నీటి పరీక్ష. ఇది ఎవరైనా ఇంటిలో చేసికొనవచ్చును. గ్రాములో నూరవ వంతు చూపే చిన్న త్రాసుపై గ్లాసెడు నీరు ఉంచి, అంకెను సున్నకు తేవలెను. రూపాయిని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగునకూ ప్రక్కలకూ తగలకుండ నీటిలో పూర్తిగా ముంచి పట్టుకొనవలెను. అప్పుడు త్రాసు చూపేది నాణెం తొలగించిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగింపవలెను. పూర్తి వన్నె రూపాయికి సుమారు 10.3 వస్తుంది, సగం వెండి రూపాయికి 9.5, జర్మన్ సిల్వరు, ఇత్తడులకు 9 కంటె తక్కువే. నాణేనికి ఏ హానీ కలుగదు. నేడు పెద్ద నగల దుకాణాలలో లోహపు పాళ్ళు చూపే ఎక్స్-రే యంత్రాలున్నవి. అవి పైపొరను మాత్రమే చూస్తవి గనుక, వెండిపూత నాణేన్ని కనిపెట్టుటకు తూకము, నీటి పరీక్ష తోడు కావలెను.

ఇక వెల సంగతి. పాత నాణేనికి రెండు విలువలు ఉండవచ్చును: లోహపు విలువ ఒకటి, సేకరించేవారు ఇచ్చే విలువ మరొకటి. బాగా చేతులు మారి అరిగిన 1918 నాటి రూపాయి వంటివాటికి మొదటిదే ముఖ్యం. కాని 1911 రూపాయి సంగతి వేరు. రాజుగారి అంగీపై ఉన్న ఏనుగు బొమ్మ పందివలె ఉన్నదన్న అలజడి వల్ల అది త్వరలోనే నిలిపివేయబడినది. 1939 రూపాయి అంతకంటె అరుదు. ఇట్టివాటిని కరగనిచ్చుట తెలివితక్కువ. అట్లని ప్రతి పాత రూపాయీ లక్షలు పలుకుతుందనే మాటలనూ నమ్మరాదు. అరుదైన సంవత్సరాలకే నకిలీలు ఎక్కువగా పుట్టుతవి గనుక తెలిసినవారికి చూపనిదే అధిక వెల పెట్టరాదు. నల్లబడిన రూపాయిని చింతపండుతోనో బూడిదతోనో తోమరాదు. లోహమూ కొంత పోతుంది, సేకరించేవారి దృష్టిలో వెలయూ పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: డబ్బు దాచుకొనే మార్గంగా ఈ రూపాయలను కొనవచ్చునా? అనుకూలమైన మాటలు కొన్ని ఉన్నవి. దీని వన్నె చట్టం నిర్ణయించినది. నగలో వలె కూలి, రాళ్ళు, అతుకులు అనే చిక్కు లేదు. అవసరమైనంత మేరకు రెండో నాలుగో తీసి అమ్ముకొనవచ్చును. ఇక ప్రతికూలమైనవి. వెండి వడ్డీ ఇవ్వదు. కొన్ననాటి వెలకూ అమ్మిననాటి వెలకూ నడుమ వర్తకుని లాభం, తరుగు ఉంటవి. 2017లో వచ్చిన వస్తు సేవల పన్ను ప్రకారం దుకాణంలో వెండి కొనేవారు నూటికి మూడు రూపాయలు పన్ను కూడ చెల్లింపవలెను. నూరు రూపాయల వెండిని 105కు కొని, 95కు అమ్మవలసి వస్తే, ధర నూటికి పది పైగా పెరిగితే తప్ప పెట్టిన సొమ్మే తిరిగి రాదు.

అంతకంటె ముఖ్యం వెండి ధర చేసే గంతులు. 1980 జనవరిలో అమెరికాలో ఔన్సు వెండి దాదాపు 50 డాలర్లకు ఎక్కినది. హంట్ సోదరులనే ధనవంతులు ప్రపంచపు వెండిని కూడబెట్టసాగుట దానికి ఒక ప్రధాన కారణం. అదే ఏడు మార్చి 27వ తేదీన ఆ ధర 11 డాలర్లకు దిగువకు పడిపోయినది. 1990 తరువాతి కొన్ని ఏండ్లలో అది 4 డాలర్లకు కూడ తగ్గినది. శిఖరం మీద కొన్నవారు మళ్ళీ ఆ అంకె దాపునకు రావడం చూచినది 2011 ఏప్రిల్‌లో, అనగా ముప్పదియొక్క ఏండ్లకు. అక్కడి నుండి 2015 చివరకు మళ్ళీ 14 డాలర్లకు లోపు పడినది. మన దేశపు ధరలో డాలరు మారకము, దిగుమతి సుంకము కూడ చేరుతవి గనుక అంకెలు వేరైనను, ఎగుడుదిగుడులు అవే. కనుక పిల్లల చదువుకో, పెండ్లికో, వైద్యానికో ఫలానా నాటికి కావలసిన సొమ్మును వెండిలో పెట్టుట తగదు. కదిలించే పని లేని మిగులులో కొద్ది భాగం, అదియును ఒక్కసారిగా కాక విడతలుగా, లోహపు విలువకు దగ్గరి వెలకే దొరికినప్పుడు పెట్టుట వివేకం.

చట్టం సంగతులు రెండు చెప్పవలెను. నేల త్రవ్వుతుండగా పాత నాణేల కుండ దొరికితే అది దొరికినవాని సొత్తు కాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపాన్ని కలెక్టరుకు తెలియజేయవలెను. రెండవది, నూరేండ్లు నిండిన నాణెం 1972 చట్టం దృష్టిలో పురావస్తువు. దానిని వ్యక్తులు తమంత తాము దేశం దాటించరాదు. విదేశాలలోని పిల్లలకు జ్ఞాపకంగా పాత రూపాయి పంపదలచిన తల్లిదండ్రులు దీనిని గుర్తుంచుకొనవలెను.

మోసాలలో కెల్ల విచిత్రమైనది బియ్యపు గింజలను ఆకర్షించే నాణెం కథ. 1818 సంవత్సరము, కంపెనీ పేరు, సీతారాముల బొమ్మలు వేసిన బిళ్ళలు చూపి, వీటికి కోట్ల విలువ ఉన్నదని నమ్మబలికేవారు తెలుగు జిల్లాలలో పలుమార్లు పోలీసులకు చిక్కినారు. కంపెనీ అట్టి నాణేన్ని ఎన్నడూ ముద్రింపలేదు. బియ్యాన్ని లాగే లోహమూ లోకంలో లేదు.

కాబట్టి మా సలహా ఇది. అమ్మబోయేవారు ఇంటి వద్దనే కుప్పలు వేరు చేసి, తూచి, లెక్క కాగితంపై వ్రాసికొని బయలుదేరవలెను. రెండు మూడు చోట్ల వెల అడుగవలెను. తమ ఎదుట తూచనిదే, వెల కుదరనిదే కరిగించుటకు ఒప్పుకొనరాదు. కొనబోయేవారు సంవత్సరం చదివి, తూచి, నీటిలో ముంచి చూచి కొనవలెను. ఏమీ చేయదలచనివారు ఆ మూటను మళ్ళీ కట్టి దాచుకొన్నను నష్టం లేదు. కాని ఏ రూపాయి ఏ రకమో ఒక చీటీపై వ్రాసి అందులో ఉంచితే, రేపు దానిని విప్పే పిల్లలను ఎవరును మోసగించలేరు.